దుర్గ బరువు

ఆదివారం సాయంత్రం ఆడపిల్లల ప్రాక్టీసు ముగియగానే నరసింహమూర్తి మేష్టారు విజిల్‌ని చొక్కా జేబులో వేసుకుని, గ్రౌండు గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చునేవారు. "ఊ, ఇప్పుడు అడగండి" అనేవారు. అప్పటిదాకా గోడవారన నిలబడి చూసినవాళ్లంతా చుట్టూ మూగేవారు. జీడి పని దిగి వచ్చినవాళ్లు, కూరగాయల సంచులతో ఇంటికి పోతూ ఆగిన ఆడవాళ్లు, రైలుకి ఇంకా టైముందని వచ్చినవాళ్లు, ఎవరైనా సరే. కాశీబుగ్గలో ఖర్చులేని కాలక్షేపం అదొక్కటే.

మేష్టారు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగా బరంపురంలో ఏదో శిక్షణకి పంపిస్తే, అక్కడ రగ్బీ నేర్చుకుని ఒక బంతిని చంకలో పెట్టుకుని తిరిగొచ్చారు. కబడ్డీలో కాస్త దిట్టంగా ఉన్న ఆడపిల్లల్ని ఏరి ఈ ఆటలోకి దింపారు. క్రికెట్టు తప్ప ఇంకో ఆట ఉందంటే నమ్మని ఊరు ముందు నవ్వింది, తర్వాత చూసింది, ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ప్రశ్నలు పడ్డాయంటే ఆట ఊళ్లో నిలబడ్డట్టేనని మేష్టారి నమ్మకం.

ప్రశ్నలు ప్రతివారం దాదాపు అవే. బంతి గుండ్రంగా ఎందుకు లేదు? వెనకటికి పంది మూత్రాశయాన్ని ఊది చుట్టూ తోలు కుట్టేవారట, ఆ ఆకారమే మిగిలిపోయింది అనేవారు మేష్టారు. వినేవాళ్లు అప్రయత్నంగా చేతులు బట్టలకి తుడుచుకునేవారు. హెల్మెట్లు పెట్టుకుని ఆడేది ఇదేనా? కాదు, అది అమెరికా వాళ్లది, ఇందులో పళ్లకి తొడుగు తప్ప పెద్దగా ఇంకేం ఉండదు. ఆడేది ఏడుగురా, పదిహేనుమందా? రెండు రకాలూ ఉన్నాయి, మనకి దొరికిన పిల్లలు ఏడుగురి ఆటకే సరిపోయారు. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ఐదు పాయింట్లు ఇచ్చి, దాన్ని ట్రై అని, అంటే ఉత్త ప్రయత్నం అని, పిలవడమేమిటి? పూర్వం దానికి పాయింట్లు ఉండేవి కావు, గోలు తన్నడానికి ప్రయత్నించే హక్కు మాత్రం వచ్చేది, పాయింట్లు వచ్చాక కూడా పేరు మారలేదు. ముందుకి పరిగెత్తేవాళ్లు బంతిని వెనక్కెందుకు విసురుతారన్నది మాత్రం ఏ వారమూ తప్పేది కాదు. వెనకున్నవాళ్లని నమ్ముకుని ఆడే ఆట ఇది అని మేష్టారు ఊరుకునేవారు. టీకొట్టు అప్పలమ్మ ఆ జవాబుతో ఏనాడూ సమాధానపడలేదు. బుర్రున్నవాళ్లెవరూ చేతికందిన సరుకుని వెనక్కి విసరరని ఆవిడ వాదన.

చిక్కు ప్రశ్న వస్తే మేష్టారు యామిని వైపు చూసేవారు. టెక్కలి కాలేజీలో డిగ్రీ చదువుతున్న పిల్ల, రూల్సన్నీ కంఠతా వచ్చు. ఆమె గట్టు మీద కాకుండా కింద నేల మీద, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆమె కూర్చుంటే గట్టు రాళ్లు కుంగుతున్నాయి మరి. అప్పటికి ఆమె చేతుల్లో దుర్గ బరువు ఉంది.

అది ఎలా వచ్చిందో ఊరందరికీ తెలుసు. ఈ ఆటలో లైనౌట్ అని ఒకటుంది. బంతి గ్రౌండు దాటి బయటికి పోతే రెండు జట్లూ పక్కపక్కన వరసలు కడతాయి. గీత అవతలినుంచి ఒకమ్మాయి బంతిని ఎత్తుగా విసురుతుంది. దాన్ని అందుకోవడానికి ఒక పిల్లని ముందొకరు, వెనకొకరు తొడల దగ్గర పట్టుకుని గాల్లోకి లేపుతారు. కాశీబుగ్గ జట్టులో పైకి లేచేది దుర్గ. వెనకనుంచి శశికళ, ముందునుంచి యామిని లేపేవారు. ఎండాకాలంలో టెక్కలిలో సెలక్షన్లు జరిగినప్పుడు, దుర్గ పైన ఉండగా యామిని చేతులు వదిలేశాయి. దుర్గ ఒక పక్కకి ఒరిగి భుజం మీద పడింది. కాలర్ బోన్ విరిగింది. అయితే పడింది మనిషి మాత్రమే. బరువు యామిని చేతుల్లోనే ఉండిపోయింది.

దుర్గ పరాయిది కాదు, యామిని మేనత్త కళావతి కూతురు. సోంపేట వెళ్లే దారిలో, సముద్రానికి దగ్గరగా, కొబ్బరి జీడి తోటల మధ్య వాళ్ల ఇల్లు. యామినికంటే కొన్ని నెలలు చిన్న కాబట్టి వదినా అని పిలిచేది. డాక్టరు కట్టు కట్టి, మాత్రలు రాసి, ఎముక ఆరు వారాల్లో అతుక్కుంటుందని, బరువు సంగతి మాత్రం తన చేతిలో లేదని చెప్పాడు. గాలి రోజుల్లో కిటికీలు వేసి ఉంచమన్నాడు. కళావతి కూతురి పరికిణీ అంచుల్లో ఇనుప నట్లు పెట్టి కుట్టింది. సంచిలో రెండు ఎండుకొబ్బరికాయలు వేసి భుజానికి తగిలించింది. ఆషాఢంలో ఒకసారి సంచి మరిచిపోయి బట్టలు తీయడానికి దొడ్లోకి వెళ్తే, సముద్రం గాలి దుర్గని కొబ్బరిచెట్టు మొవ్వుదాకా తీసుకుపోయింది. కాయలు దింపే మనిషి ఆమెనీ దింపాడు. ఆ తర్వాత కళావతి కూతుర్ని కాలేజీ మానిపించి ఇంట్లో కూర్చోబెట్టింది.

ఇక్కడ యామిని సంగతి ఇంకోలా ఉంది. నులకమంచం పట్టెలు విరిగితే తండ్రి మన్మథరావు ఇనపమంచం కొన్నాడు. ఆటోవాళ్లు ఆమెని చూడగానే మధ్యలో కూర్చోమ్మా అనేవారు, లేకపోతే బండి ఒక పక్కకి లాగేస్తుంది. బస్సులో కండక్టరు ఆమె కూర్చున్న వైపు జనాన్ని కాస్త అవతలికి సర్దుకోమనేవాడు. తిన్నా, రాసినా, తల దువ్వుకున్నా ఆ బరువు మోచేతులనుంచి వేళ్లదాకా అలాగే ఉండేది. రాత్రి పడుకుంటే పొట్ట మీద చేతులు వేసుకోలేకపోయేది. ఎరిగినవాళ్లు ఎదురైతే, ఇంకా దించలేదా అమ్మా అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయేవారు.

దించడానికి చేయని ప్రయత్నం లేదు. ఇద్దరి చేతులూ కలిపి పట్టించారు. సముద్రంలో ముంచి లేపారు. దుర్గ భుజాల మీద యామిని చేతులు ఉంచి పూటంతా కూర్చోబెట్టారు. బరువు ఉలకలేదు. పొరపాటున జారిన బరువు దానంతటదే దిగాలి తప్ప మనం చేసేదేమీ లేదని పెద్దలు తేల్చారు.

పొరపాటున అన్నది యామిని మాట. మన్మథరావుకి ఇంటి వెనకే చిన్న జీడిపప్పు యూనిట్టు ఉంది. సీజన్లో పనివాళ్లు చాలకపోతే ఇంటిల్లిపాదీ జీడిపిక్కలు కొట్టడానికి కూర్చోవాల్సిందే. తొక్కలోంచి కారే జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి కూర్చునేముందు చేతులకి ఆముదం పట్టిస్తారు. సెలక్షన్ల రోజు పొద్దున్న యామిని కూడా రెండు గంటలు పిక్కలు కొట్టే వెళ్లింది. దుర్గని ఆటోలో ఎక్కిస్తుంటే ఏం జరిగిందని మేష్టారు అడిగారు. చేతులకి ఆముదం ఉండిపోయింది, జారిపోయింది అంది యామిని. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. సీజన్లో కాశీబుగ్గలో ఆముదం అంటని చేయి ఎవరిదని?

నిజమేమిటంటే ఆ రోజు ఆమె బూడిదతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కుంది. గ్రౌండులో దిగేముందు మట్టి రుద్దుకుంది. చేతులు పొడిగా ఉన్నాయి.

అబద్ధం అక్కడితో ఆగి ఉంటే ఆమె ఎలాగో మోసేదేమో. కానీ అది మన్మథరావు మెడకి చుట్టుకుంది. పోటీ రోజు పొద్దున్న పిల్లని పిక్కల ముందు కూర్చోబెట్టింది ఆయనే కదా. ఆ పాపిష్ఠి డబ్బు కోసం నా చేతులతో నేనే మేనకోడల్ని పడేశానని ఇంటికొచ్చినవాళ్లందరితో చెప్పుకునేవాడు. యూనిట్టు గుమ్మం దగ్గర కొత్త కుళాయి వేయించాడు, సబ్బు పెట్టాడు, కూతుర్ని మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టనివ్వలేదు. కళావతి అయితే అన్నతో మాటలు మానేసింది. రాఖీకి రాలేదు, కబురు పెడితే జవాబివ్వలేదు. తండ్రి కుళాయి దగ్గర నిలబడి పనివాళ్ల చేతులు కడుక్కోవడం చూస్తుంటే యామినికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇవాళ చెప్పేయాలి అనుకునేది. అన్నం ముందు కూర్చున్నాక, రేపు చెబుదాంలే అనుకునేది.

ఎందుకు చెప్పలేదంటే, దానికో కారణం ఉంది. సిగ్గుపడాల్సిన కారణం. దుర్గ పడిన మధ్యాహ్నమే స్క్రమ్‌కి వంగినప్పుడు, అంటే మూడు తలలు మూడు తలలకి ఆనించి ఒకరినొకరు తోసుకునేటప్పుడు, ఎదుటి జట్టు పిల్లలు యామినిని అంగుళం కదపలేకపోయారు. ఇద్దరి బరువుతో నిలబడ్డ మనిషిని ఎవరు తోస్తారు? ఆమె చేయి ఎవరి నడుం మీద పడినా ఆ పిల్ల అక్కడికక్కడే కూలబడింది. సెలక్షన్లకి వచ్చినవాళ్లు ఆమె పేరు రాసుకున్నారు. వానాకాలంలో విశాఖపట్నంలో రాష్ట్ర పోటీలు జరిగితే అక్కడా అంతే. కాశీబుగ్గ పిల్ల టాకిల్ చేసి పట్టి పడేస్తే గోడ మీద పడ్డట్టే అన్నారు. దసరా వెళ్లాక భువనేశ్వర్‌లో జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి రమ్మని పిలుపు వచ్చింది. జిల్లాలో ఇంతవరకూ ఏ ఆడపిల్లకీ రాని పిలుపు. కాశీబుగ్గ జంక్షన్‌లో ఆమె బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. ఆదివారాల్లో జనం పెరిగారు. ఈ పిల్లకి అంత బలం ఎక్కడిదని అడిగేవాళ్లకి పక్కవాళ్లు, రెండు బరువులండీ, ఒకటి మేనత్త కూతురిది అని మామూలుగా చెప్పేవారు.

శిబిరానికి వెళ్తున్నానని చెప్పి వద్దామని యామిని మేనత్త ఇంటికి వెళ్లింది. ఒక్కతే వెళ్లింది. కళావతి ముభావంగా తలుపు తీసి, వంటింట్లోకి పోయింది. దుర్గ లోపలి గదిలో, నడుముకి కట్టిన చీర కొంగు కిటికీ ఊచకి ముడేసి ఉండగా, నేలకి జానెడు ఎత్తున కూర్చుని పుస్తకం చదువుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఆ గాలికి పక్కకి కదిలేది. భువనేశ్వర్ సంగతి చెప్తే మనసారా సంతోషించింది. అక్కడ తిండి బాగుంటుందట, బాగా తిను అంది. కార్తీకంలో వాయుగుండం వస్తుందని టీవీలో చెప్పారని, అమ్మ ఈ గదికి ఇంకో గొళ్లెం పెట్టిస్తోందని కూడా చెప్పింది.

"మరి నువ్వు ఎన్నాళ్లిలగ లోపలే ఉంటావే?" అని అడిగింది యామిని.

"ఏమో వొదినా. నా బరువు నీ కాడే ఉన్నాది గదా, అదైనా నాలుగూళ్లు తిరుగుతన్నాది" అంది దుర్గ నవ్వుతూ.

ఆ నవ్వులో వెక్కిరింపు ఉంటే బాగుండేది. లేదు. యామిని తిరుగు బస్సులో సోంపేట దారంతా చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది. ఇవి నావి కావు అనిపించింది. ఈ పేరు, ఈ ఫ్లెక్సీ, ఈ పిలుపు ఏదీ నాది కాదు, దొంగసొమ్ము మీద కూర్చుని తింటున్నాను అనిపించింది. అయినా ఆ రాత్రి సూట్‌కేసు సర్దుకుంది. మనిషి బుద్ధి అలాగే ఉంటుంది, ఏం చేస్తాం.

శిబిరానికి బయల్దేరడానికి ముందు ఆదివారం గ్రౌండు కిటకిటలాడింది. మన్మథరావు కూడా వచ్చి జనం వెనక స్కూటర్ పక్కన నిలబడ్డాడు. మామూలు ప్రశ్నలన్నీ అయిపోయాయి. అప్పలమ్మ వెనక్కి విసరడం మీద తన వాదన మరోసారి వినిపించింది. అప్పుడు కమలకుమారి అనే ఆవిడ, టెక్కలిలో ఏదో ఆఫీసులో గుమాస్తా, లేచి నిలబడింది. కూతురు ఇందుని ఆటలో చేర్చాలా వద్దా అని రెండు వారాలుగా వచ్చి చూసి పోతోంది.

"మేష్టారూ, అందరూ ఏవేవో అడిగేరు. నాదొక్కటే ప్రశ్న. మా పిల్లని అలగ పైకెత్తినోళ్లు మళ్లీ కిందికి దించుతారా?"

దించాలమ్మా, రూలుంది అని మేష్టారు యామిని వైపు తిరిగి, నువ్వు చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేశారు.

"బంతి అందిన ఎంటనే, ఎత్తినోళ్లే సేమంగా కిందికి దించాల" అంది యామిని. అప్పజెప్పినట్టు వచ్చింది మాట.

"దించకుండా ఒగ్గేత్తే?"

"పెనాల్టీ ఇత్తారు."

"ఎవరికి?"

"ఎదర టీముకి."

"అది కాదమ్మా నేనడుగుతున్నది" అంది కమలకుమారి. "పడిపోయిన పిల్లకేటిత్తారు?"

రూల్సు పుస్తకంలో దానికి జవాబు లేదు. యామిని మేష్టారి వైపు చూసింది. ఆయన కూడా జవాబు కోసమే ఆమె వంక చూస్తున్నారు. ఇందు తన అమ్మ వెనకనుంచి తొంగి చూస్తోంది, నన్ను ఎత్తేది ఈ అక్కే కదా అన్నట్టు. యామిని చేతులు నేలకి ఆనించింది. లేచి నిలబడింది. ఆమె కాళ్ల కింద మట్టి దిగబడింది.

"ఆయాల నా సేతులకి ఆముదం నేదు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. చేతులు పొడిగా ఉన్నాయని, దుర్గ జారలేదని, తనే వదిలేసిందని చెప్పింది. దుర్గ పైన ఉండగా సెలక్షన్లకి వచ్చిన ఒకాయన, ఆ పైనున్న పిల్ల పేరేమిటి అని అడగడం తనకి వినబడిందని చెప్పింది. "లేపినోళ్ల పేరు ఎవులూ అడగనేదు. రెండేళ్లు ఎత్తినాను, ఒక్కపాలి ఎవులూ అడగనేదు. అప్పుడు సేతులు ఒగ్గీసినాను. కావాలనే ఒగ్గీసినాను" అంది. అని తండ్రి కోసం జనంలో వెతికింది.

మన్మథరావు స్కూటర్ సీటు మీద చేయి వేసి నిలబడ్డాడు. ముఖంలో కోపం లేదు. నెలల తరబడి చేయని తప్పుకి చెంపలు వేసుకున్న మనిషి అది తనది కాదని తెలిస్తే తేలికపడాలి కదా. ఆయన అలా లేడు. ఇంకాస్త వంగిపోయినట్టున్నాడు. జనం ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నారు.

చెప్పేశాక చేతులు తేలికపడతాయని యామిని ఒక మూల ఆశపడింది. పడలేదు. బరువు ఎక్కడిదక్కడే ఉంది. మేష్టారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"మాకు చెప్పావు, మంచిదే. కానీ ఆ పిల్ల ఇక్కడ లేదు గదమ్మా" అన్నారు. "ఎత్తినవాళ్లే దించాలి. ఇప్పుడు దించితే దిగుతుందనుకుంటాను. దిగితే నువ్వు మామూలు పిల్లవైపోతావు, భువనేశ్వర్లో ఎవరూ నిన్ను ఉంచుకోరు. అది తెలిసే వెళ్లు."

మర్నాడు పొద్దున్నే తండ్రీకూతుళ్లు స్కూటర్ మీద బయల్దేరారు. వెనక టైరు రోడ్డుకి ఆనుకుపోయింది. అప్పటికే గాలి మొదలైంది, కొబ్బరిమట్టలు ఒకే వైపుకి దువ్వినట్టు వాలిపోయాయి. చెల్లెలి ఇంటి ముందు బండి ఆపి, మన్మథరావు గేటు దగ్గరే ఉండిపోయాడు. కూతుర్ని లోపలికి పొమ్మని చేత్తో చూపించాడు.

కళావతి గుమ్మంలోనే నిలబడింది. యామిని ఆమె ముందే, లోపలి గదిలో కిటికీకి కట్టి ఉన్న దుర్గ వైపు చూస్తూ చెప్పింది. గ్రౌండులో వచ్చినట్టు మాటలు రాలేదు. ఆముదం నేదు, నేనే, అని మాత్రం అనగలిగింది.

దుర్గ పుస్తకం మూసింది. "తెలుసు వొదినా" అంది.

యామిని తెల్లబోయింది.

"పైనున్నోళ్లకి ముందు కనిపించేది నీ మొకమే గదా. బంతి కోసం కాదు, నీ కోసమే కిందికి సూసినాను. నువ్వు నన్నే సూత్తన్నావు. సూత్తా సూత్తానే ఒగ్గీసినావు."

"మరెందుకు సెప్పనేదే?"

"అమ్మడిగితే ఆముదమే అన్నాను. నువ్వే వచ్చి సెప్తావనుకున్నాను. ఇయ్యాల సెప్తావు, రేపు సెప్తావు అని ఈ కిటికీ కాడే సూత్తన్నాను" అంది దుర్గ. గొంతు పెంచలేదు. కొంగు ముడి తనే విప్పుకోవడం మొదలుపెట్టింది. "పద, దొడ్లోకి పోదాం."

కళావతి గాలి గాలి అని అడ్డం వచ్చింది. దుర్గ ఆగలేదు, గోడ పట్టుకుని, గుమ్మం పట్టుకుని, తర్వాత యామిని మోచేయి పట్టుకుని దొడ్లోకి వచ్చింది. అక్కడ జీడిచెట్ల అవతలంతా ఇసుకే. యామిని మోకాళ్లు వంచి, నేర్చుకున్నట్టే తొడల దగ్గర రెండు చేతులూ వేసి పట్టుకుంది. వెనక శశికళ లేదు. లేపింది. దుర్గని లేపడానికి బలమేమీ అక్కర్లేకపోయింది, గుడ్డ పీలికని లేపినట్టు లేచింది. చేతులు పూర్తిగా పైకి చాపేసరికి ఆ చేతుల్లో అన్నాళ్లుగా ఊరికే పడి ఉన్న బరువు కదిలింది. అరచేతుల్లోంచి దుర్గ తొడల్లోకి, నడుంలోకి ఎక్కడం యామినికి తెలిసింది. పైన దుర్గ గట్టిగా ఊపిరి పీల్చింది. ఇప్పుడు చేతుల మీద ఉన్నది ఊగే, వణికే, గాలికి ఒరిగిపోయే నిండు మనిషి.

ఒక్కరే అంత ఎత్తున ఎవరినీ నిలపలేరు. యామిని భుజాలు వణికాయి, మణికట్లు మెలిపడ్డాయి. ఈసారి వదిలేసినా ఎవరూ తప్పుపట్టరు, నిజంగానే బలం చాలలేదు. పైకి చూసింది. దుర్గ కిందికే చూస్తోంది. యామిని పళ్లు బిగించి, మోచేతులు కొద్దికొద్దిగా వంచింది. దుర్గ కాళ్లు ఆమె పొట్టని రాసుకుంటూ దిగాయి. కాలివేళ్లు ఇసుకని తాకాయి, తర్వాత మడమలు. ఇసుక కుంగింది. పరికిణీ అంచుల్లో నట్లు గలగలమన్నాయి. దుర్గ రెండడుగులు వేసి, బరువుకి అలవాటు తప్పి కూలబడి, తన పాదాల గుర్తుల్ని వేలితో తడుముకుంటూ ఏడ్చింది. యామిని చేతులు ఖాళీ అయిపోయి వాటంతటవే గాల్లోకి లేచాయి. వాటిని కిందికి దించుకోవడానికి ఆమెకి కాస్త టైము పట్టింది.

కళావతి పరుగున వచ్చి కూతుర్ని ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. అప్పుడు లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, యామినిని దాటుకుంటూ గేటు దగ్గరికి నడిచి అన్న చేతికి ఇచ్చింది. మన్మథరావు చెంబు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. లోపలికి రా అన్నయ్యా అని ఆమె చేయి పట్టి లాక్కుపోయింది. మేనకోడల్ని పిలవలేదు.

దుర్గ కళ్లు తుడుచుకుని లేచింది. "సంకురాత్రి ఎల్లినాక మళ్లీ ఆటకొత్తాను. నన్ను ఎత్తడానికి ఇంకెవులైనా రానీ. నువ్వు మాత్తరం వొద్దు వొదినా" అంది. కోపంగా అనలేదు. యామిని తలూపింది.

భువనేశ్వర్‌కి యామిని వెళ్లింది, రమ్మన్న చోటికి పోకపోతే మేష్టారి మాట పోతుంది కాబట్టి. మొదటి రోజే స్క్రమ్‌లో ఆమెని వెనక్కి నాలుగడుగులు నెట్టారు. విశాఖపట్నంలో ఆమెని చూసినాయన రెండుసార్లు పేరు అడిగి, ఈ పిల్లేనా అని కాగితం చూసుకున్నాడు. వారం తిరక్కుండా ఇంటికి పంపేశారు. జంక్షన్‌లో ఫ్లెక్సీని వాయుగుండం అప్పటికే చింపేసింది. తండ్రి స్టేషన్‌కి వచ్చాడు, సూట్‌కేసు అందుకున్నాడు, తిన్నావా అని అడిగాడు. ఆముదం ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు, కూతుర్ని పిక్కల గదిలోకి మాత్రం రానిచ్చాడు.

సంక్రాంతి వెళ్లాక దుర్గ ఆటకి వచ్చింది. ఇప్పుడు ఆమెని వెనకనుంచి శశికళ, ముందునుంచి కొత్తగా చేరిన ఇందు లేపుతున్నారు. యామినిని మేష్టారు గీత అవతల నిలబెట్టి బంతి విసరమన్నారు. అన్ని నెలలు బరువు మోసిన చేతులు కాబట్టి ఆమె విసిరితే బంతి వణక్కుండా, తిన్నగా, దుర్గ వేళ్లు ఎంత ఎత్తుకి అందుతాయో అంత ఎత్తుకే పోతుంది. జిల్లాలో అలా విసిరేవాళ్లు ఇంకొకరు లేరని అంటారు. అయినా రాష్ట్ర జట్టుకి ఎవరూ ఆమెని తీసుకోలేదు, తీసుకోరు కూడా. విసిరినమ్మాయి వెంటనే గ్రౌండులోకి పరిగెత్తి ఆటలో కలవాలి. యామిని కలవదు. దుర్గ పైకి లేస్తుంది, బంతి అందుకుంటుంది, కింద ఎవరికో ఇస్తుంది, జనం కేకలు వేస్తారు, మేష్టారు గట్టుమీంచి పద పద అని అరుస్తారు. యామిని గీత దగ్గరే నిలబడి, దుర్గ రెండు పాదాలూ నేలకి ఆనేదాకా చూస్తుంది. ఆ తర్వాతే పరిగెడుతుంది. అప్పటికి బంతి చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.